దీపావళి పేరు పెట్టుకున్న దరువు: 'గెట్ బిజీ' నంబర్ వన్ ఎలా అయింది?

అమెరికాలో ఏ పాట ఎన్నో స్థానంలో ఉందో వారం వారం చెబుతూ 2003 మే 10 తేదీతో వచ్చిన బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో మొదటి స్థానం చేతులు మారింది. తొమ్మిది వారాలుగా అక్కడ కూర్చున్న ఫిఫ్టీ సెంట్ పాట 'ఇన్ డా క్లబ్' దిగిపోయింది. ఆ చోటుకు జమైకా గాయకుడు షాన్ పాల్ పాడిన 'గెట్ బిజీ' వచ్చింది. మూడు వారాలు అక్కడే నిలిచింది. రికార్డుల పుస్తకంలో ఇది ఒక్క వరుస: గాయకుడి పేరు, పాట పేరు, అంకె. కానీ ఆ ఒక్క వరుస వెనక చాలా పెద్ద చిక్కుముడి ఉంది. దాన్ని విప్పితే జమైకాలో పుట్టిన డాన్స్‌హాల్ సంగీతం ఎలా పనిచేస్తుందో, అమెరికా చార్టు దాన్ని ఎందుకు సరిగా చూడలేకపోయిందో రెండూ అర్థమవుతాయి.

ముడి ఏమిటంటే, అదే ఏడాది అదే అమెరికా చార్టులో వేన్ వండర్ పాడిన 'నో లెటింగ్ గో' 11వ స్థానం దాకా వెళ్ళింది. లూమిడీ అనే న్యూయార్క్ అమ్మాయి పాడిన 'నెవర్ లీవ్ యూ' 3వ స్థానానికి చేరింది. ముగ్గురు గాయకులు, మూడు పాటలు, మూడు వేరు వేరు సాహిత్యాలు. కింద వాయించే దరువు మాత్రం ఒక్కటే. బ్రిటన్‌లో లెక్క ఇంకా చిత్రంగా కుదిరింది. అక్కడ 'గెట్ బిజీ' 4, 'నో లెటింగ్ గో' 3, 'నెవర్ లీవ్ యూ' 2. ఒక్కో పాట ముందు పాట కంటే ఒక్కో మెట్టు పైకి ఎక్కింది.

ఆ దరువుకు ఒక పేరుంది. 'దీవాలీ'. మన దీపావళే.

నేను ఈ పాట మొదటిసారి విన్నప్పుడు నన్ను పట్టుకున్నది గొంతు కాదు, చప్పట్లు. ఒక్క మాట అర్థం కాలేదు, చేతులు మాత్రం వాటంతట అవే కదిలాయి. ఆ చప్పట్లకు పేరుందని, ఆ పేరు మన పండుగదని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పటి నుంచీ ఈ పాట గురించి ఎవరైనా "షాన్ పాల్ హిట్" అని మాత్రమే అంటే నాకు మనసొప్పదు.

బతుకమ్మ తెలిసినవాళ్ళకు రిడిమ్ సులువుగా అర్థమవుతుంది

జమైకాలో పాట తయారయ్యే పద్ధతి మనం సినిమా పాటలో చూసే పద్ధతికి పూర్తిగా వేరు. సినిమా పాటకు ఒక బాణీ, ఆ బాణీకి ఒక సాహిత్యం, దానికి ఒక గాయకుడు. ఆ ట్యూన్ మళ్ళీ ఇంకో సినిమాలో వినిపిస్తే "కాపీ కొట్టారు" అంటాం. జమైకాలో మొదట దరువు పుడుతుంది. దాన్ని 'రిడిమ్' అంటారు. డ్రమ్స్, బేస్, కీబోర్డ్ అన్నీ కలిపి గొంతు లేకుండా తయారైన సంగీతపు చట్రం అది. దానికి ఒక పేరు పెడతారు. ఆ తర్వాత నిర్మాత దాన్ని పదిమంది గాయకులకు ఇస్తాడు. ఎవరి మాటలు వాళ్ళు రాసుకుని, ఎవరి వరస వాళ్ళు కట్టుకుని, ఆ దరువు మీద పాడి రికార్డు చేస్తారు. కొన్ని వారాల్లో ఒకే దరువు మీద పది పదిహేను పాటలు బజారులోకి వస్తాయి. పోటీ అంతా అక్కడే. ఈ దరువు మీద ఎవరు బాగా పాడారు?

ఇది మనకు కొత్త విషయం కాదు. బతుకమ్మ ఆడేచోట నిలబడి వినండి. చుట్టూ తిరుగుతూ కొట్టే చప్పట్ల నడక మారదు. "ఉయ్యాలో" అనే పల్లవి మారదు. అదే నడకలో సీతమ్మ కథ పాడతారు, అదే నడకలో అత్తగారింటి కష్టం పాడతారు, ఊరి చెరువు గురించి పాడతారు. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు తమకొచ్చిన పాట ఎత్తుకుంటారు. ఆ వరస నాదని ఎవరూ అనరు. పాడేదాన్ని బట్టి మనిషిని గుర్తుపెట్టుకుంటారు. ఆ వరస సొంతదారు ఊరంతా. రిడిమ్ సంస్కృతి కూడా దాదాపు ఇదే. ఒక్క తేడా ఏమిటంటే జమైకాలో దరువు కట్టినవాడి పేరు అందరికీ తెలుసు.

ఈ పద్ధతి సౌండ్ సిస్టమ్‌ల నుంచి వచ్చింది. జమైకా రాజధాని కింగ్‌స్టన్ వీధుల్లో పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి రాత్రంతా డాన్సులు నడిపేవాళ్ళు. డాన్స్‌హాల్ అనే పేరే ఆ డాన్సులు జరిగే చోటు నుంచి వచ్చింది. చిన్న రికార్డులో ఒక వైపు పాట, రెండో వైపు గొంతు తీసేసిన సంగీతం ఉండేది. దాన్ని 'వెర్షన్' అనేవాళ్ళు. రెండో వైపు తిప్పి పెట్టి, మైకు పట్టుకుని అప్పటికప్పుడు మాటలు అల్లేవాణ్ణి డీజే అన్నారు. ఇక్కడ చాలామంది పొరబడతారు. మన పెళ్ళిళ్ళలో పాటలు వేసే అబ్బాయిని డీజే అంటాం. జమైకాలో పాటలు వేసేవాడు సెలెక్టర్. డీజే అంటే నోటితో దరువు మీద మాటలు పరిగెత్తించేవాడు. షాన్ పాల్ ఆ అర్థంలో డీజే.

ఒకే దరువును పదే పదే వాడుకునే ఈ అలవాటు చాలా పాతది. 1967లో స్టూడియో వన్‌లో సౌండ్ డైమెన్షన్ బృందం వాయించిన 'రియల్ రాక్' మీద దశాబ్దాల పాటు లెక్కలేనన్ని పాటలు వచ్చాయి. 1974లో రూపీ ఎడ్వర్డ్స్ ఒకే దరువు మీది పాటలతో 'యమహా స్కాంక్' అని ఒక ఆల్బమే వేశాడు. 1985లో ఇంకో పెద్ద మలుపు. వేన్ స్మిత్ అనే గాయకుడు, కింగ్ జామీ అనే నిర్మాత కలిసి కాసియో ఎంటీ-40 అనే చిన్న కీబోర్డులో ముందే నింపి ఉంచిన ఒక 'రాక్' దరువును తీసుకుని, వేగం తగ్గించి, 'స్లెంగ్ టెంగ్' చేశారు. బ్యాండు లేదు, డ్రమ్మర్ లేడు. ఆ దరువును కాసియో కంపెనీలో రూపొందించిన జపాన్ ఇంజినీరు ఒకుడా హిరోకో. సంగీతం చదువుకుని ఆ ఉద్యోగంలో చేరిన యువతి. ఆమె చేసిన కొన్ని సెకన్ల ముక్క జమైకా సంగీతాన్నే యంత్రాల వైపు తిప్పేసింది. ఆ తర్వాత డాన్స్‌హాల్ దరువు కట్టడానికి ఒక మనిషి, ఒక యంత్రం, ఒక గది చాలు.

చప్పట్లు ఎక్కడ పడతాయి?

దీవాలీ దరువు కట్టినవాడు స్టీవెన్ 'లెంకీ' మార్స్‌డెన్. కీబోర్డు వాయించే మనిషి. డ్రమ్స్ మోతతో గెలిచే దరువులు డజన్ల కొద్దీ వస్తున్న రోజుల్లో అతను దాదాపు అన్నీ తీసేసి చప్పట్లను ముందుకు తెచ్చాడు.

డాన్స్‌హాల్‌కు ముందున్న జమైకా సంగీతం రెగేలో ఒక రిడిమ్‌ను గుర్తుపట్టేది బేస్ నడకతో. 'రియల్ రాక్' అంటే ఆ బేసే. దీవాలీని గుర్తుపట్టేది చప్పట్లతో. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ దీని ఫలితం చాలా పెద్దది. ఎందుకో చెబుతాను.

మామూలు అమెరికన్ పాప్ పాటలో నాలుగు దెబ్బల లెక్క ఉంటుంది. రెండో దెబ్బకు, నాలుగో దెబ్బకు చప్పట్లు పడతాయి. చిన్న పిల్లలు కూడా అలాగే కొడతారు. డాన్స్‌హాల్ అడుగున ఉండే నడక వేరు. ఎనిమిది చిన్న మాత్రలను సగానికి సగం కోయకుండా మూడు, మూడు, రెండుగా విడదీస్తుంది. మన మృదంగం చెప్పే భాషలో చెప్పాలంటే: తకిట, తకిట, తక. ఒకసారి నోటితో అని చూడండి, చివరి 'తక' దగ్గర ఒక తొందర వస్తుంది, మళ్ళీ మొదటి 'తకిట'లో పడటానికి ఒళ్ళు ముందుకు వంగుతుంది. నడుమును కదిలించేది ఆ తొందరే. లెంకీ ఈ నడక మీద చప్పట్లను ఇంకా సందులు చూసుకుని అమర్చాడు. మనం ఎదురుచూసిన చోట పడవు, ఎదురుచూడని చోట రెండు కలిసి పడతాయి. చెవి దాన్ని పట్టుకోవాలని వెంటపడుతుంది. పట్టుకునేసరికి మళ్ళీ మొదటికి వస్తుంది.

దరువులో ఇంత ఖాళీ ఉండటం వల్ల ఒక లాభం జరిగింది. గొంతుకు బోలెడంత చోటు దొరికింది. మెత్తగా ప్రేమపాట పాడేవాడికీ సరిపోతుంది, తుపాకీ పేల్చినట్టు మాటలు విసిరేవాడికీ సరిపోతుంది. అదే జరిగింది. వేన్ వండర్ దాని మీద తేనెలాంటి ప్రేమపాట పాడాడు. బౌంటీ కిల్లర్ అనే డీజే అదే దరువు మీద 'సఫరర్' అని పేదవాడి గోడు చెప్పాడు. షాన్ పాల్ డాన్సు ఫ్లోర్ మీద ఆడవాళ్ళను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాడు. బ్రిటన్‌కు చెందిన గ్రీన్‌స్లీవ్స్ కంపెనీ 2002లోనే ఈ దరువు మీది పాటలను ఒక ఆల్బమ్‌గా వేసింది. అమెరికా రేడియోలో 'గెట్ బిజీ' మోగే నాటికి కింగ్‌స్టన్‌లో, లండన్ బ్రిక్స్‌టన్‌లో, న్యూయార్క్ బ్రూక్లిన్‌లో డాన్సులకు వెళ్ళేవాళ్ళకు దీవాలీ బాగా తెలిసిన దరువు.

డాన్సులో దాన్ని ఎలా వేస్తారంటే, సెలెక్టర్ ఒక గాయకుడి పాట సగంలో ఆపి అదే దరువు మీద ఇంకొకరి పాటలోకి దూకుతాడు. దరువు ఆగదు, గొంతు మారుతుంది. దీన్ని 'జగ్లింగ్' అంటారు. అలా ఇరవై నిమిషాలు ఒకే దరువు నడుస్తుంది. పాట అంటే అక్కడ మూడున్నర నిమిషాల ముక్క కాదు, పెద్ద మాలలో ఒక పువ్వు.

ఆ పేరు గురించి

'గెట్ బిజీ'లో పండుగ ప్రస్తావన ఎక్కడా లేదు. దరువుకు మాత్రం ఆ పేరుంది. జమైకా నిర్మాతలు దరువులకు ఏ పేరైనా పెడతారు కాబట్టి ఆ ఒక్క పేరు మీద పెద్ద సిద్ధాంతం కట్టలేం. కానీ ఒక దీవిలో 'దీవాలీ' అనే మాట అందరి నోటా నలగాలంటే ఆ మాట ముందు అక్కడికి చేరి ఉండాలి కదా.

చేరింది. 1845 మే 10న 'బ్లండెల్ హంటర్' అనే ఓడ జమైకాలోని ఓల్డ్ హార్బర్ బేకు చేరింది. అందులో ఒప్పందం మీద తెచ్చిన భారతీయ కూలీలు ఉన్నారు. బానిసత్వం రద్దయ్యాక చెరుకు తోటలకు మనుషులు కావాల్సి వచ్చారు. 1917 దాకా 36 వేల మందికి పైగా అలా వెళ్ళారు. ఎక్కువమంది గంగా మైదానం నుంచి వెళ్ళినవాళ్ళు. మన తెలుగు కూలీలను ఎక్కువగా మారిషస్‌కు, దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు, ఫిజీకి తీసుకెళ్ళారు కాబట్టి జమైకా కథలో మన భాష పెద్దగా వినిపించదు. అయినా రెండు మాటలు వినగానే మనకు తెలిసిపోతాయి. ఒకటి 'గాంజా'. జమైకాలో గంజాయికి ఇప్పటికీ అదే పేరు, భారతీయుల నోటి నుంచి వెళ్ళిందే. రెండోది 'కూలీ'. అక్కడ భారత సంతతి మనిషిని ఆ మాటతో పిలిచేవాళ్ళు. పని పేరు జాతి పేరుగా మారి, తిట్టుగా కూడా మారింది.

ఆ రెండో మాట కూడా ఒక దరువుకు ఎక్కింది. దీవాలీ గెలిచిన వెంటనే కోర్డెల్ 'స్కాటా' బరెల్ అనే నిర్మాత 'కూలీ డాన్స్' అనే రిడిమ్ తెచ్చాడు. దాని మీద నీనా స్కై పాడిన 'మూవ్ యా బాడీ' 2004లో హాట్ 100లో 4వ స్థానానికి వెళ్ళింది. వరుసగా రెండేళ్ళు, మన మాటలు పేరుగా పెట్టుకున్న రెండు దరువులు అమెరికా టాప్ 10లో మోగాయి. వినేవాళ్ళలో ఎంతమందికి ఆ పేర్లు తెలుసు? రికార్డు లేబుల్ చదివేవాళ్ళకే.

ఇంకో విషయం. 'గెట్ బిజీ' మొదటి స్థానానికి చేరిన పట్టిక తేదీ చూడండి, మే 10. జమైకాలోని భారత సంతతి వాళ్ళు తమ పూర్వీకులు దిగిన రోజుగా జరుపుకునే తేదీ అదే. కాకతాళీయమే, దాన్నుంచి ఏ అర్థమూ లాగడం లేదు. కానీ ఆ రెండు తేదీలను పక్కపక్కన చూసిన రోజు నాకు ఒళ్ళు జలదరించింది.

కింగ్‌స్టన్ నుంచి అమెరికా రేడియోకు

షాన్ పాల్ అసలు పేరు షాన్ పాల్ రయాన్ ఫ్రాన్సిస్ హెన్రిక్స్. 1973లో కింగ్‌స్టన్‌లో పుట్టాడు. ఊరి పైభాగంలో, కాస్త ఉన్నవాళ్ళుండే ప్రాంతంలో పెరిగాడు. జమైకా జాతీయ వాటర్ పోలో జట్టులో ఆడాడు. డాన్స్‌హాల్ పుట్టింది ఊరి దిగువ పేద వాడల్లో కాబట్టి పైభాగం నుంచి వచ్చిన కుర్రాణ్ణి మొదట్లో అందరూ సులువుగా ఒప్పుకోలేదు. 2000లో మొదటి ఆల్బమ్ 'స్టేజ్ వన్' వచ్చింది. రెండోది 'డటీ రాక్', 2002 నవంబరులో.

ఈ రెండో ఆల్బమ్‌ను అమెరికా అంతటా చేర్చింది రెండు కంపెనీల ఒప్పందం. ఒకటి అట్లాంటిక్, పెద్ద అమెరికన్ రికార్డు కంపెనీ. రెండోది వీపీ రికార్డ్స్. వీపీ అంటే విన్సెంట్, పాట్రీషియా. విన్సెంట్ చిన్, ఆయన భార్య పాట్రీషియా చిన్ కింగ్‌స్టన్‌లో 'రాండీస్' అనే రికార్డుల దుకాణం నడిపారు. డెబ్బయ్యో దశకంలో న్యూయార్క్ వెళ్ళి, క్వీన్స్‌లో జమైకా అనే పేరే ఉన్న పేటలో మళ్ళీ దుకాణం పెట్టి, అక్కడి నుంచి ప్రపంచంలోనే పెద్ద రెగే కంపెనీ కట్టారు. పాట్రీషియా పూర్వీకుల్లో చైనీయులతో పాటు భారతీయులూ ఉన్నారు. దీవాలీ దరువు మీది హిట్లను బయటి ప్రపంచానికి మోసుకెళ్ళిన కంపెనీ ఆమె పేరులోని అక్షరాన్ని మోస్తోంది.

వీపీకి వలసవాళ్ళ వాడల్లో ప్రతి దుకాణం తెలుసు. అట్లాంటిక్‌కు ప్రతి రేడియో స్టేషన్ తెలుసు. 2003లో హాట్ 100 గెలవాలంటే రేడియో ముఖ్యం. ఇక్కడ చార్టు లెక్క కొంచెం చెప్పాలి. హాట్ 100 రెండు విషయాలు కలిపి లెక్క కట్టేది: సింగిల్ రికార్డు ఎన్ని అమ్ముడయ్యాయి, రేడియోలో ఎంతమందికి వినిపించింది. తొంభైల చివరికి కంపెనీలు సింగిల్స్ అమ్మడం చాలావరకు మానేశాయి. ఒక్క పాట కావాలన్నా ఆల్బమ్ మొత్తం కొనాల్సిందే. 1998 డిసెంబరు నుంచి, విడిగా సింగిల్‌గా అమ్మకపోయినా పాట హాట్ 100లోకి రావచ్చని బిల్‌బోర్డ్ నియమం మార్చింది. దాంతో చార్టు దాదాపు రేడియో చేతికి వెళ్ళిపోయింది. ఐట్యూన్స్ దుకాణం తెరిచింది 2003 ఏప్రిల్ 28న, అంటే 'గెట్ బిజీ' పైకెక్కడానికి కొద్దిరోజుల ముందు. డౌన్‌లోడ్‌లు హాట్ 100 లెక్కలోకి వచ్చింది మాత్రం 2005లో.

అంటే ప్రశ్న ఇది: మాటలు అర్థం కాని పాటను అమెరికా రేడియో ఎందుకు వేసింది?

దారి ముందే వేసి ఉంది. 'గిమ్మీ ద లైట్' అనే పాట, మయామీలో ట్రాయ్‌టన్ రామీ కట్టిన 'బజ్' రిడిమ్ మీద షాన్ పాల్ పాడినది, అప్పటికే హాట్ 100లో 7వ స్థానానికి వెళ్ళింది. న్యూయార్క్‌లో కరీబియన్ జనం ఎక్కువ. క్లబ్బుల్లో హిప్‌హాప్ పాటల మధ్య డాన్స్‌హాల్ పాటలు వేయడం అక్కడ మామూలే. 'గెట్ బిజీ' వేగం నిమిషానికి వంద దెబ్బలు. హిప్‌హాప్‌కు దగ్గర వేగం కాబట్టి ఒకదాని నుంచి ఇంకోదానికి కుదుపు లేకుండా వెళ్ళవచ్చు. క్లబ్బులో జనం ఊగిన పాట రాత్రి రేడియో మిక్స్‌లోకి వస్తుంది, రాత్రి మిక్స్‌లో ఫోన్లు మోగిస్తే పగటి జాబితాలోకి వస్తుంది, అక్కడి నుంచి పాప్ స్టేషన్లకు. 'గెట్ బిజీ' ఎక్కిన నిచ్చెన అదే.

ఇక గొంతు. పాట చాలాసేపు కొద్ది స్వరాల మధ్యే తిరుగుతుంది. మాటలు గింజల్లా రాలుతాయి. అమ్మాయిల పేర్లు వరసగా వస్తాయి. జమైకా యాస తెలియనివాళ్ళకు అర్థమయ్యేవి ఆ పేర్లే. అది చాలా తెలివైన పని అని నా అభిప్రాయం. పేరు ఏ భాషలోనైనా పేరే. తన పేరు పిలిచారనుకున్న అమ్మాయి ఫ్లోర్ మీదికి వస్తుంది. తెలియని మాటల మధ్య ఆ పేర్లు వాగులో అడుగు పెట్టడానికి వేసిన రాళ్ళలా పనిచేశాయి.

వీడియో కూడా సాయం చేసింది. దాన్ని తీసింది కెనడా దర్శకుడు డైరెక్టర్ ఎక్స్. బీచ్ లేదు, తాటిచెట్లు లేవు. మామూలు ఇంట్లో, కింది గదిలో, కుర్రాళ్ళ పార్టీ. ఇంటి పెద్దాయన గోలకు విసుక్కుంటాడు. వలస కుటుంబాల పిల్లలు ఏ ఊళ్ళో పెరిగినా ఈ దృశ్యం తెలిసిందే. టూరిస్టు పోస్టర్‌లోని జమైకాను పక్కన పెట్టి, కెనడా అమెరికా ఊళ్ళలో బతుకుతున్న జమైకాను చూపించడం ఆ వీడియో బలం.

ఆ ఏడాది అక్కడితో ఆగలేదు. బియాన్సే పాడిన 'బేబీ బాయ్'లో షాన్ పాల్ గొంతు ఉంది. అక్టోబరు నుంచి అది తొమ్మిది వారాలు నంబర్ వన్. అంటే 2003లో పన్నెండు వారాలు అమెరికా మొదటి పాటలో ఒక జమైకా డీజే వినిపించాడు. 2004లో 'డటీ రాక్'కు ఉత్తమ రెగే ఆల్బమ్ గ్రామీ వచ్చింది.

లూమిడీ ఎవరి దరువు తీసుకుంది?

నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన భాగం లూమిడీది. న్యూయార్క్ ఈస్ట్ హార్లెమ్ అమ్మాయి. కింగ్‌స్టన్‌తో సంబంధం లేదు. డీజే టెడ్‌స్మూత్‌తో కలిసి దీవాలీ దరువు మీద ప్రియుణ్ణి వదలనని ఒక పాట చేసింది. గొంతు శ్రుతిలో నిలకడగా ఉండదని చాలామంది విమర్శించారు. నిజమే, కొన్ని చోట్ల జారుతుంది. కానీ ఆ జారడం వల్లే స్నానాలగదిలో తనకోసం తాను పాడుకుంటున్న పిల్లలా వినిపిస్తుంది, ఆ పాటకు కావాల్సింది అదే. న్యూయార్క్ రేడియో దాన్ని పట్టుకుంది. పెద్ద కంపెనీ కొనుక్కుంది. 3వ స్థానం.

అమెరికా శ్రోతలు అయోమయంలో పడింది ఇక్కడే. "ఇది షాన్ పాల్ పాట మ్యూజిక్ కదా, ఈ అమ్మాయి కాపీ కొట్టిందా?" అని. జమైకా లెక్కలో ఆ ప్రశ్నే పుట్టదు. దరువు షాన్ పాల్‌ది ఎప్పుడూ కాదు. అతను కూడా ఆ దరువు మీద పాడినవాళ్ళలో ఒకడు. దరువు మార్స్‌డెన్‌ది. 'గెట్ బిజీ'కి రచయితలుగా ఇద్దరి పేర్లున్నాయి, షాన్ పాల్ హెన్రిక్స్, స్టీవెన్ మార్స్‌డెన్. మిగతా రెండు పాటల రచయితల జాబితాలోనూ మార్స్‌డెన్ ఉన్నాడు. డబ్బు లెక్కలో ఇది చాలా ముఖ్యం. ఎవరు పాడినా, ఏ పాట గెలిచినా, రచయిత వాటా దరువు కట్టినవాడికి కొంత చేరుతుంది.

అన్ని కాలాల్లోనూ ఇలా జరగలేదు. జమైకాకు సొంత ఆధునిక కాపీరైట్ చట్టం 1993లో వచ్చింది. అంతకు ముందు దరువులు కట్టినవాళ్ళలో చాలామందికి ఒకసారి చేతిలో పెట్టిన కూలి తప్ప ఏమీ దక్కలేదు. ఆ పాత బాకీ ఇప్పుడు కోర్టుకెక్కింది. స్టీలీ, క్లీవీ అనే జోడీ 1989లో 'ఫిష్ మార్కెట్' అనే దరువు చేశారు. ఆ నడకే తర్వాత 'డెం బౌ' అనే జమైకా పాట మీదుగా, లాటిన్ అమెరికా డాన్సు సంగీతం రెగేటోన్ మొత్తానికి ఎముకల గూడు అయింది. 2021లో క్లీవీ, చనిపోయిన స్టీలీ వారసులు కాలిఫోర్నియాలో దావా వేశారు. కొద్దిమందితో మొదలైన ఆ దావా పెరిగి, లాటిన్ పాప్‌లోని పెద్ద పెద్ద పేర్లన్నీ అందులోకి వచ్చాయి, వెయ్యికి పైగా పాటలు చేరాయి. ఒక నడకకు సొంతదారు ఉండగలడా అన్నది అందులోని ప్రశ్న. నా మనసు రెండు వైపులా లాగుతుంది. తకిట తకిట తక ఎవరి సొత్తూ కాదు, కాకూడదు. కానీ ఆ మూడు ముక్కల మీద ఏ శబ్దం ఎక్కడ పెట్టాలో రాత్రుళ్ళు కూర్చుని తేల్చిన మనిషి చేతికి ఏమీ రాకపోవడం న్యాయం కాదు.

2016లో ఈ మాట మళ్ళీ పైకి వచ్చింది. ఆ ఏడాది రియానా 'వర్క్' తొమ్మిది వారాలు నంబర్ వన్‌లో ఉంది. ఆ పాట అడుగున 1998 నాటి 'సెయిల్ అవే' రిడిమ్ ఉంది. బార్బడోస్ అమ్మాయి కరీబియన్ యాసలో పాడితే, మాటలు లేని గొణుగుడు అని కొందరు ఎగతాళి చేశారు. అది గొణుగుడు కాదు, భాష. అదే ఏడాది డాన్స్‌హాల్ నడక మీద ఇంకా అనేక పాప్ పాటలు గెలిచాయి, వాటిని 'ట్రాపికల్' అని కొత్త పేరుతో పిలిచారు. పెద్ద పాప్ తారలు డాన్స్‌హాల్ వాడుకుని అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడం లేదని షాన్ పాల్ అప్పుడు బహిరంగంగానే బాధపడ్డాడు.

దీవాలీ విషయంలో కనీసం ఒక చోట అది చెప్పి ఉంది. బిల్‌బోర్డ్ పత్రిక అచ్చు ప్రతిలో ఆ రోజుల్లో హాట్ 100 పేజీ తీస్తే, ప్రతి పాట పేరు కింద సన్నటి అక్షరాల్లో నిర్మాత, రచయితల పేర్లుండేవి. భూతద్దం కావాలి. 2003 వేసవి సంచికల్లో షాన్ పాల్ దగ్గర, వేన్ వండర్ దగ్గర, లూమిడీ దగ్గర ఆ సన్నటి వరుసలో వేలు పెట్టి చూడండి. మూడు చోట్లా ఒక పేరు తగులుతుంది: మార్స్‌డెన్.